మా కోడలి నొప్పికి నేను పెట్టిన పేరు

మా కోడలు విశాఖ ఆసుపత్రిలో కన్నుమూసి నేటికి పన్నెండు రోజులు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఛాతీలో నిమ్ము చేరి ఊపిరి అందలేదు. చోడవరంలో పరామర్శకు వచ్చినవాళ్ళకు నిమ్ము అనే చెప్పాం. అది సగం నిజం.

పెళ్ళయిన ఏడాది కార్తీకంలో, తెల్లవారకముందే నూతి దగ్గర ఆమె చేత చన్నీళ్ళ తలస్నానం చేయించాను. సోమవారం చుక్క పొడిచేదాకా మంచినీళ్ళయినా ముట్టనివ్వలేదు. మా ఇంటి ఆనవాయితీ అది, ఏ కోడలికీ మినహాయింపు లేదు. మధ్యాహ్నానికి ఆమె చాప మీద ముడుచుకుపోయింది.

"ఏటే, ఒక్కపూటకే ఇంత యాగీ?" అన్నాను.

"యాగీ కాదత్తా. ఎముకల్ని లోపల్నుంచి నలిపేస్తన్నట్టుంది."

పైకి వాతం అన్నాను. మనసులో బద్ధకం అనుకున్నాను.

నొప్పి తగ్గక ఆసుపత్రికి తీసుకెళ్తే, రక్తపరీక్షలో సికిల్ సెల్ అని తేలింది. తల్లి నుంచి ఒక వంతు, తండ్రి నుంచి ఒక వంతు, పుట్టుకతోనే వచ్చింది. డాక్టరు మాట నాకు అర్థం కాకపోతే ఆమే విడమరిచింది.

"మీ రక్తకణాలు గుండ్రంగా ఉంటాయత్తా. నావి కొడవల్లా వంగిపోతాయి. ఫ్యాక్టరీ రోడ్డుకి సెరకు ట్రాక్టరు అడ్డం తిరిగితే ఏటవుద్ది? ఎనకాలవన్నీ ఆగిపోవా? నా ఒంట్లోనూ అంతే. ఎక్కడ ఆగితే అక్కడ నొప్పి."

చలి, ఒంట్లో నీళ్ళు తగ్గడం, జ్వరం, వీటిలో ఏది వచ్చినా ఆ దారి మూసుకుపోతుందట. మొదటి రెండూ నేనే చేయించాను. ఆమె ఒక్కసారీ ఎత్తిపొడవలేదు.

తర్వాత నేనే వేణ్ణీళ్ళు కాచి ఇచ్చేదాన్ని. ఆమె తాగిన నీళ్ళ గ్లాసులు నేను పుస్తకంలో రాస్తుంటే, "టీచరమ్మ హాజరేసుకుంటంది" అని నవ్వేది. రక్తం చాలక తరచూ ఎక్కించుకోవాల్సి వచ్చేది. తుంటి ఎముకకు రక్తం అందక దెబ్బతిన్నాక, మెట్టుమెట్టుకీ ఆగి ఎక్కేది. అయినా ఇంటికి ఎవరొచ్చినా గుమ్మందాకా ఎదురువెళ్ళేది.

ఒక్క విషయంలో నేను మారలేదు. జబ్బు పేరు బయటికి రానివ్వలేదు. మనవరాలికి తల్లి వంతు ఒక్కటే వచ్చింది, జబ్బు లేదు. అయినా రేపు సంబంధాలు రావని భయం.

"మా సెల్లికైనా సెప్పనియ్యత్తా. దాని కూతురు గుంటకీ ఉందేమో" అని కోడలు ఎన్నిసార్లో అడిగింది.

"వాతమనే సెప్పు" అనేదాన్ని. నా మాట దాటలేదు.

నిన్న పెద్దకర్మకు వడ్డాది నుంచి ఆ చెల్లెలు నాలుగేళ్ళ కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. భోజనాల దగ్గర నా పక్కన కూర్చుంది.

"సలేస్తే సాలు, కాళ్ళు నొప్పులని ఏడుస్తాదత్తయ్యా. అక్కకున్న వాతమే దీనికీ వచ్చినట్టుంది."

వడ్డించేవాళ్ళు, బంధువులు అందరూ ఉన్నారు. అందరికీ వినబడేలాగే చెప్పాను.

"అది వాతం కాదమ్మా. మీ అక్కకున్నది సికిల్ సెల్. రక్తంలో ఉంటాది. కళ్ళు పచ్చబడతాయి, ఒళ్ళు నొప్పులొస్తాయి. గుంటకి రేపే పరీక్ష సేయించు. మీ అక్క సెప్తానంది. నేనే సెప్పనివ్వలేదు."

నన్ను ఏమైనా అంటుందని చూశాను. తినే విస్తరి వదిలేసి, చెయ్యి కడుక్కుని, పిల్లను వాకిట్లో ఎండలోకి తీసుకువెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుని, బొటనవేలితో దాని కింది రెప్పను మెల్లగా కిందికి లాగింది. పిల్ల ఆట అనుకుని నవ్వింది. ఆమె రెండో కన్ను కూడా చూసింది. మళ్ళీ మొదటి కన్ను చూసింది.