సిద్దిపేటలో వేయించిన గేరు

యుద్ధం నడుస్తున్న రోజులు. ఉదయం ఆరింటికి కరీంనగర్‌లో కారు తీశాను. వెనుక సీట్లో నా భార్య. ఆమెకు ఒక కన్ను అప్పటికే పోయింది. రెండో కంటికి ఆపరేషను. సాయంత్రం ఐదులోపు హైదరాబాదు దవాఖానలో చేరకపోతే డాక్టరు సెలవు మీద వెళ్ళిపోతారు.

పదిహేను రోజుల క్రితమే సిద్దిపేటలో గేరు బాగు చేయించాను. ఆనాడు మిస్త్రీ నన్ను ఎండలో పాత టైరు మీద కూర్చోబెట్టాడు, మంచినీళ్ళయినా అడగలేదు. సామాను దొరకదన్నాడు. పోలీసు అమీనుకు చెబుతానని బెదిరించి ఆ రోజే పని చేయించుకున్నాను. ఇప్పుడు కారు జబ్బు ముదిరింది. ఎత్తు రాగానే గేరు రాడ్డు దానంతటదే వెనక్కి వచ్చి, క్షణం ఆగి, చిన్న గేరులో పడుతోంది. గట్టిగా పట్టుకుంటే లోపల పళ్ళు కొరికిన చప్పుడు.

పదిన్నరకు సిద్దిపేట చేరాము. టైరు సంగతితో సహా అంతా మిస్త్రీకి చెప్పాను. అతను రాడ్డు మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

"గిది మా తమ్ముని చెయ్యి, సాబ్."

తమ్ముడు కిరాయి కారు నడిపేవాడట. కారుతో సహా వాగులో పడి చనిపోయాడు. చనిపోయినవాని పనిముట్లు నలభై దినాల దాకా ముట్టకపోవడం వాళ్ళింటి ఆచారం. నా బెదిరింపుకు పన్నెండో నాడే ఆ కారు విప్పి, గేరు చక్రాలు నా కారుకు వేశాడు.

"ఇయ్యాల ఇరవై ఏడో దినం. విప్పితే రేపటిదాక అయితది. పోవాల్నంటే రాడ్డు మీది చెయ్యి తియ్యున్రి. ఎక్కినోళ్లందర్ని దించినంకనే వాడు వాగుల వడ్డడు."

ఇలాంటి మాటలు నా దగ్గర చెల్లవని చెప్పి పదకొండున్నరకు బయలుదేరాను. ప్రజ్ఞాపూర్ చేరేలోగా రాడ్డుతో పెనుగులాడి మూడుసార్లు ఇంజను ఆపుకున్నాను. రెండు దాటింది.

"మీ కొట్లాట ఆ పోయినాయనతోనా, నా కంటితోనా?" అంది నా భార్య. "చెయ్యి తియ్యున్రి."

తీశాను. తర్వాతి ఎత్తు దగ్గర రాడ్డు మెత్తగా కదిలి తన చోట కూర్చుంది. చప్పుడు లేదు. ఒకసారి వేలితో తాకితే, అప్పుడే ఎవరో వదిలిన పిడిలా వెచ్చగా ఉంది. నాలుగూ నలభైకి దవాఖాన గేటు ముందు ఆగాము.

పద్నాలుగు రోజుల తర్వాత తిరుగు ప్రయాణం. ఈసారి ఆమె ముందు సీట్లో కూర్చుని మైలురాళ్ళ మీది అంకెలు పైకి చదువుతూ వచ్చింది. సిద్దిపేటలో ఆగాము. మిస్త్రీ ఆమె కన్ను సంగతి అడిగాడు. నలభయ్యో దినం నిన్ననే అయిందని, పదిమందికి అన్నం పెట్టామని చెప్పాడు. నాకు మంచినీళ్ళు ఈసారీ ఇవ్వలేదు. ఆ దుకాణంలో కూర్చోవడానికి ఇప్పటికీ నీడ లేదని ఈ దారిన వెళ్ళేవారికి తెలియజేస్తున్నాను.

ఊరు దాటాక రాడ్డు నేను పెట్టినచోటనే ఉంది. ఒక ఎత్తు దగ్గర చెయ్యి తీసి చూశాను. కారు కొంత ఎక్కి, వణికి, ఆగిపోయింది. నా భార్య అంకెలు చదవడం మానేసింది. తర్వాత నేనే గేరు మార్చుకున్నాను.