ప్రాగ్ నుంచి పారిస్ ఎంత దూరం

మస్కట్ దగ్గరి రుస్తాఖ్‌లో నేను పని చేసే ఇంట్లో ఉండేది ఇద్దరే, ఒక పెద్దావిడ, ఆమె కూతురు. పెద్దావిడను నేను మామా అని పిలుస్తాను. ఇక్కడ అమ్మను అలాగే అంటారు. కూతురు ఆఫీసు పని మీద ప్రాగ్ వెళ్ళిన వారంలోనే మామాకు ఎదలో నొప్పి మొదలైంది. గ్యాసేలే అని ఆమె కొట్టిపారేసినా, ఫోన్లో విన్న కూతురు ఆగలేక బయల్దేరింది. ముందు పారిస్ చేరి, అక్కడ విమానం మారి మస్కట్ రావాలి.

ఆ మధ్యాహ్నం గంజి తీసుకెళ్ళేసరికి మామా మంచం పట్టె పట్టుకుని ఊపిరి కోసం పెనుగులాడుతోంది. నుదురంతా చెమట.

"ఆస్పత్రికి పోదాం లేవండి మామా" అన్నాను నాకొచ్చిన వంటింటి అరబ్బీలో.

"నా భర్తను ఆస్పత్రికి ఒంటరిగా పంపాను. తిరిగి రాలేదు. నా బిడ్డ వచ్చేదాకా గడప దాటను."

అంబులెన్స్ పిలుస్తానంటే నా ఫోన్ లాక్కుని దిండు కింద పెట్టుకుంది. కూతురు ఎప్పటికొస్తుందో చెబితేనన్నా లేస్తుందేమోనని వరండాలోకి పరుగెత్తాను. అక్కడ ఆ ఇంటి డ్రైవర్ ఉన్నాడు, జగిత్యాల వైపు పిల్లోడు.

"తమ్ముడూ, ప్రాగ్ నుంచి పారిస్‌కు ఎంతసేపు పడతాదో సూడు. బిరీనా!"

అతను ఫోన్లో వెతికాడు. "గంటా నలభై నిమిషాలంట అక్కా. మస్కట్‌ల ఎక్కి సలాలాకు ఫ్లైట్ల పోయినంత."

హమ్మయ్య అనుకున్నాను. లోపలికెళ్ళి, "దగ్గరే మామా, సలాలా అంత దూరమే" అని చెప్పాను.

ఆమె ముఖం ఇంకా పాలిపోయింది. "సలాలానా? పొద్దున బయల్దేరితే రాత్రికి గానీ చేరం. ఆ తర్వాత ఇంకో విమానమా? ఇక నా బిడ్డను చూడలేను" అని గోడవైపు తిరిగిపోయింది.

దేశానికి ఆ చివరనున్న సలాలాకు ఆమె ఎప్పుడూ ఎడారి మీదుగా కారులోనే వెళ్ళింది. జీవితంలో విమానం ఎక్కలేదు. ధైర్యం చెప్పబోయి ప్రాణం మీదికి తెచ్చాను.

మంచం పక్కన కూలబడ్డాను. "అది కారు దారి మామా. విమానానికి కొద్దిసేపే."

"ఆ రెండో విమానం అందకపోతే?" అంటూ మామా ఇటు తిరిగింది.

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి.

"అందుతుందో లేదో నాకు తెలీదు. ఆస్పత్రిలో ఉంటే ఆమె రేపొచ్చినా మీరుంటారు. ఇక్కడే ఉంటే నాకు భయంగా ఉంది. నేను మీతోనే వస్తాను. బయటికి పొమ్మన్నా పోను."

మామా దిండు కింద నుంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "నా అబాయా ఇవ్వు" అంది. బయటికెళ్ళేటప్పుడు వేసుకునే ఆ నల్ల అంగీ తెచ్చి తొడిగాను.

కారులో నా చేయి నలిపేసింది. ఆమె మూలిగినప్పుడల్లా డ్రైవర్ "అయిపాయె మామా, వచ్చేసినం" అంటూనే ఉన్నాడు, ఆస్పత్రి కనబడకముందు నుంచీ. దిగగానే నర్సులు స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. కాసేపటికి డాక్టరు వచ్చి, గుండెకు రక్తం పోయే దారి మూసుకుపోయింది, ఇంకాస్త ఆగుంటే కష్టమయ్యేది అన్నాడు.

కూతురికి పారిస్‌లో విమానం తప్పిపోయింది. మర్నాడు సాయంత్రం వచ్చింది. రుస్తాఖ్ ఎండలో ఉన్ని కోటు కూడా విప్పకుండా వార్డులోకి పరుగెత్తింది. మామా ఆమె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. నేను మెల్లగా బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను.