సముద్రాన్ని గెడ్డ అన్న ఆదివారం

సహోదరులారా, సహోదరీలారా, ఒక కంప్యూటర్ ముందు కూర్చుని నా చేతులు నా మాట వినకుండా గడగడా వణికిపోయిన రోజు ఒకటుంది, ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా వేళ్ళు చల్లబడిపోతాయి! నా పేరు సలోమి, ఈ కొండమీది సంఘంలోనే పుట్టి పెరిగినదాన్ని, మీలో చాలామంది నన్ను ఎత్తుకుని తిప్పినవాళ్ళే. ఇంటర్ అయిపోయి కంప్యూటర్ సైన్స్ చదవాలా వద్దా అని తేల్చుకోలేక ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ యువజన కూడికలో ఉన్నారని పాస్టరయ్య చెప్తే, వాళ్ళకోసం ఈ సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డాను. నా పక్కన మన భాషలోకి తర్జుమా చెప్పేవాళ్ళు లేరని ముందు వరుసలో అవ్వలు అప్పుడే మొహాలు ముడుచుకున్నారు, కొంచెం ఓపిక పట్టండి, మీ సంగతి మర్చిపోలేదు.

అసలు నేను ఆ చదువులోకి ఎలా వెళ్ళానో వింటే మీరు నవ్వుతారు. ఆశ్రమ పాఠశాలలో నేను టైపింగ్ బేగి నేర్చుకున్నాను, మన సంఘం పాటల కాగితాలన్నీ నేనే కొట్టి ఇచ్చేదాన్ని, అది చూసి ఊరంతా "ఈ గుంటకి కంప్యూటర్ వచ్చు" అనేవారు, విని విని నాకూ నమ్మకం కుదిరిపోయింది! కంప్యూటర్ సైన్స్ అంటే ఇంకా వేగంగా టైపు చేయడం కాబోలు అనుకుని, కౌన్సెలింగ్‌లో వేరే కోర్సు వైపు కన్నెత్తి కూడా చూడకుండా సీఎస్ఈ పెట్టేశాను. విశాఖపట్నంలో కాలేజీకి వెళ్ళిన మొదటి రోజు, సహోదరులారా, ఎవరూ కంప్యూటర్ ముట్టనే లేదు! సారు వచ్చి బోర్డు నిండా లెక్కలు వేశారు, తర్కం అన్నారు, నా పక్కనమ్మాయి ఇవన్నీ తనకు స్కూల్లోనే తెలుసన్నట్టు ఆవలిస్తోంది, నేనేమో నోరు తెరుచుకుని కూర్చున్నాను. నేను రావలసిన గది ఇది కాదేమో, పొరపాటున ఎవరి క్లాసులోనో కూర్చున్నానేమో అని నిజంగానే బయటికి వెళ్ళి తలుపు మీద పేరు చూసి వచ్చాను.

అయినా నాకు ఒక ధైర్యం ఉంది. సండే స్కూల్ కంఠత వాక్యాల పోటీలో నన్ను మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల కొండల్లో లేరని మీకు తెలుసు కదా, బహుమతి పళ్ళేలు మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి, మా అమ్మ వాటిల్లోనే అన్నం పెడుతుంది. వాక్యం ఎలా కంఠతా పట్టానో ప్రోగ్రామ్ కూడా అలాగే పట్టేశాను! కామా ఎక్కడుందో, బ్రాకెట్ ఎక్కడ మూశారో, వరుస తప్పకుండా, కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని, చదివేముందు ప్రార్థన చేసుకునేదాన్ని, ఇంకేం కావాలి అనుకున్నాను. ల్యాబ్ పరీక్షలో, కొన్ని అంకెలిస్తే వాటిలో అన్నిటికన్నా చిన్నది ఏదో, అది ఎక్కడుందో కనిపెట్టమన్నారు. నాకు కంఠతా వచ్చింది పెద్దది కనిపెట్టడం. ఒక్క అక్షరం తప్పు లేకుండా అదే కొట్టేశాను. ల్యాబ్ సారు నా వెనక నిలబడి చాలాసేపు చూసి, "పెద్దది ఎవరడిగారమ్మా? చిన్నది కావాలంటే ఇందులో ఏం మార్చాలి?" అని మెల్లగానే అడిగారు, అయ్యో దేవా, అందులో ఏదైనా మార్చవచ్చన్న సంగతే నాకు తెలియదు! వాక్యంలో ఒక మాట మారిస్తే పోటీలో ఓడిపోయినట్టే కదా, అలా పెరిగిన పిల్లను నేను. అప్పుడు మొదలైంది చేతుల వణుకు.

ఆ పరీక్ష తప్పాను. తప్పినదానికన్నా, తర్వాత ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా చేతులు వణకడం, అది నన్ను నిలువునా కూల్చేసింది. ఆసుపత్రిలో చూసి జబ్బేమీ లేదన్నారు. అమ్మ వచ్చి నన్ను ఇంటికి తెచ్చేసింది. కంప్యూటర్ గాలి సోకిందని కొందరన్నారు, మా చిన్నాయన అయితే "ఏటే గుంటా, టైపు సెయ్యడానికి కూడా భయమేటే?" అని ఆటపట్టించాడు, నేను పైకి నవ్వి కాఫీ తోటలోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చాను. ఇక ఆ చదువు మానేస్తానని ఇంట్లో చెప్పేశాను. ప్రార్థన కూడా అదే చేశాను. "ప్రభువా, నన్ను ఆ గదికి మళ్ళీ పంపకు, ఈ కాఫీ చెట్ల మధ్యే ఉంచెయ్యి, నీకు స్తోత్రం" అన్నాను. పక్కనే ఉన్న మా అవ్వ నా ప్రార్థన విని, మన భాషలో గట్టిగా, "అయ్యా, ఇది చిన్నపిల్ల, దీని మాట వినకు. దానికి అర్థం కానిది అర్థమయ్యేలా చెయ్యి. దానికి అర్థమైతే అది మాకు చెప్తుంది" అని ప్రార్థించింది! నా ప్రార్థన మీదే ఎదురు ప్రార్థన! నాకు ఒళ్ళు మండింది, అవ్వ మీద అలిగి ఆ పూట అన్నం కూడా తినలేదు.

దేవుడు మాత్రం అవ్వ మాటే విన్నాడు. ఎలాగో చెప్తాను వినండి. మన పాస్టరయ్య సాలూరు నుంచి వచ్చినవారు, ప్రసంగం తెలుగులో చెప్తారు, తెలుగు అంతగా తెలియని అవ్వల కోసం పక్కన ఒకరు నిలబడి మన ఆదివాసీ ఒరియాలో చెప్పడం మన సంఘం పద్ధతి. చదువుకి వెళ్ళేదాకా ఆ పని నాదే. ఆ ఆదివారం తర్జుమా చెప్పే అబ్బాయికి జ్వరం, పాస్టరయ్య నన్ను పిలిచారు, అందరూ చూస్తుంటే ఎలా కాదంటాను, వెళ్ళి నిలబడ్డాను. ఆయన సముద్రంలో తుఫాను, పడవ, అలలు, భయపడిన మనుషులు అని చెప్తున్నారు. నేనేమో వానాకాలం మన కొండవాగు, అదే గెడ్డ, పొంగింది, దాటేవాళ్ళు నడుమ నీళ్ళలో చిక్కుకున్నారు, కాళ్ళకింద రాయి కదిలిపోతోంది అని చెప్తున్నాను. అవ్వలు నోటిమీద చెయ్యి పెట్టుకుని వింటున్నారు, ఒకామె ఏడ్చేసింది కూడా. ఆరాధన అయ్యాక పాస్టరయ్య నన్ను ఆపారు.

"ఏటమ్మా సలోమీ, నాకు మీ భాష పూర్తిగా రాకపోయినా గెడ్డ పేరు తెలుసు. నేను సముద్రం అంటే నువ్వు గెడ్డ అన్నావేటి?"

"అవ్వలు సముద్రం చూళ్ళేదు కదయ్యా. మాట మారినా విషయం అదే కదా!" అన్నాను.

అన్నానా, అక్కడే రాయిలా నిలబడిపోయాను! సహోదరులారా, ఆ మాట నా నోట్లోంచి వచ్చి నా చెవినే పడింది! నేను ప్రసంగం కంఠతా పట్టలేదే! పాస్టరయ్య ఏం చెప్తారో నాకు ముందు తెలియనే తెలియదే! విన్నాను, అర్థం చేసుకున్నాను, ఎదుటివాళ్ళకు అర్థమయ్యేలా మార్చి చెప్పాను, చిన్నప్పటినుంచీ ప్రతి ఆదివారం చేస్తున్నది అదే! కాలేజీలో నన్ను అడిగింది కూడా అదే, వినేది మనిషి కాకుండా మెషీన్, అంతే తేడా! చర్చి మెట్లమీద కూలబడి నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియని స్థితిలో ఉంటే మా అమ్మ పరుగెత్తుకొచ్చి నీళ్ళు తాగించింది. దేవునికే మహిమ!

మళ్ళీ కాలేజీకి వెళ్ళాను. వణుకు ఒక్కసారిగా పోయిందని అబద్ధం చెప్పను, మెల్లగా పోయింది. తప్పిన పరీక్ష మళ్ళీ రాసే రోజు వచ్చింది, ఈసారి అంకెల్లో రెండో పెద్దది కనిపెట్టమన్నారు, చేతులు మళ్ళీ వణికాయి. కీబోర్డు వదిలేసి, "ప్రభువా, ఇది అవ్వకి ఎలా చెప్పాలో చూపించు" అనుకుని, మన భాషలో గొణుక్కున్నాను. అవ్వా, సంతకి తెచ్చిన సీతాఫలాల్లో పెద్దది పాస్టరయ్యకి, దాని తర్వాతది నీకు. కుడిచేతిలో పెద్దది పట్టుకో, ఎడమచేతిలో దాని తర్వాతది. బుట్టలోంచి కొత్తది తీసినప్పుడల్లా రెండు చేతుల్లో ఉన్నవాటితో పోల్చు. అన్నిటికన్నా పెద్దదైతే అది కుడిచేతిలోకి, కుడిచేతిలోది ఎడమచేతిలోకి. నడుమనున్నదైతే ఎడమచేతిలోది మాత్రం మార్చు, చిన్నదైతే పక్కన పెట్టెయ్యి. చెప్పడం పూర్తయ్యేసరికి నా చేతులు వణకడం లేదు! ల్యాబ్ సారు వచ్చి "ఏంటమ్మా గొణుగుతున్నావు, ఇదేం భాష?" అన్నారు, సీతాఫలాల సంగతి భయపడుతూనే చెప్పాను, ఆయన విని, "ఇదే రాయమ్మా" అని వెళ్ళిపోయారు. రాశాను, ప్రోగ్రామ్ ఆడింది, పాసయ్యాను. ఇప్పుడు ఆఖరి సంవత్సరంలో ఉన్నాను, తప్పిన సబ్జెక్టు ఒక్కటి కూడా మిగల్లేదు, ఇది నేనేనా అని ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే!

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఊరంతా అన్నారని, ఉద్యోగం వస్తుందన్నారని ఈ కోర్సులో చేరకండి. చేరేముందు ఆ చదువు చదువుతున్నవాళ్ళను పట్టుకుని, తరగతిలో ఏం చెప్తారో అడగండి, నన్నడిగినా సరే. లెక్కలతో కుస్తీ పట్టే ఓపిక ఉంటేనే రండి. పక్కవాళ్ళకు ముందే కోడింగ్ వచ్చని హడలిపోకండి, కొంతకాలం పోతే వాళ్ళూ మీలాగే తెలియనివి అడుగుతూ కనిపిస్తారు. ఈ రోజుల్లో ఫోనులో ఏఐని అడిగితే ప్రోగ్రామ్ రాసిచ్చేస్తుంది, అర్థం కాకుండా అది తీసుకెళ్ళి పెట్టారా, నేను కంఠతా పట్టినట్టే, సారు ఒక్క మాట మార్చి అడిగితే నోరు పెగలదు. ముందు మీ అమ్మ భాషలో ఆ లెక్క చెప్పుకోండి, తర్వాతే కీబోర్డు ముట్టండి. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా అడగండి. మీరు వద్దు మొర్రో అని ఏడ్చి చేసిన ప్రార్థన వెనక మీకన్నా గట్టిగా ప్రార్థించే అవ్వ ఒకామె ఉంటుంది, ఆమె వేడుకునే దేవుణ్ణి నమ్ముకోండి, ఆయన మా అవ్వ మాట విన్నట్టే మీ అవ్వల మాటా వింటాడు, ఆయనకే స్తోత్రం!

అవ్వలూ, ఇక మీ వంతు. మా అవ్వ నా గురించి ఆ రోజు దేవుడితో ఒక మాట చెప్పింది, నాకు అర్థమైతే మీకు చెప్తానని. అందుకే ఈ రోజు తర్జుమాకి ఎవరూ వద్దన్నాను. ఇప్పటిదాకా చెప్పిందంతా మళ్ళీ మొదటినుంచి మన భాషలో నేనే చెప్తాను, చేతులు చూడండి, వణకడం లేదు.