గుడివాడ మ్యాచ్‌కి ఆలస్యంగా వచ్చిన నాగమణి

మా చిన్నప్పుడు... గుడివాడ కాలేజీ గ్రౌండ్‌లో టాస్ కూడా అయిపోయింది, మా నాగమణి మాత్రం ఇంకా రాలేదు.

నేనప్పుడు టెన్త్. మాది జిల్లా అమ్మాయిల క్రికెట్ జట్టు. పక్క జిల్లా వాళ్ళతో సెమీఫైనల్. బందరు నుంచి నేనూ, మా కెప్టెన్ విజయక్కా తెల్లారే బస్సెక్కి వచ్చేశాం. నేను వికెట్ కీపర్ని.

మా జట్టులో ఫాస్ట్ బౌలర్ అంటే ఒక్క నాగమణే. దివిసీమలో అవనిగడ్డ పక్కన పల్లె వాళ్ళది. కోతలయ్యాక గట్టిపడిన పొలంలో అన్నలకి బంతులు వేసి వేసి నేర్చుకుంది. తన బంతి నా గ్లవ్స్‌లో పడితే అరచేతులు సాయంత్రం దాకా మండేవి...

కూతురు ప్యాంటు వేసుకుని ఊళ్ళు తిరగడం వాళ్ళ నాన్న వెంకటరత్నం గారికి అసలు నచ్చదు. "ఈ ఒక్కసారికి తీసుకెళ్తా. మళ్ళీ ఆట పేరెత్తావంటే ఊరుకోను" అన్నారట. ఆ మ్యాచ్ చూడ్డానికి స్టేట్ సెలెక్టర్ వస్తున్నారని తెలిసినప్పటి నుంచి నాగమణికి నిద్ర లేదు. ఆయన కంట్లో పడితేనే నాన్న మనసు మారుతుందని దాని ఆశ.

సెల్‌ఫోన్లు లేని రోజులు కదా... మా డ్రిల్లు మాష్టారు ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి, వాళ్ళ ఊరి కిరాణా కొట్టుకి ఫోన్ చేసి వచ్చారు. "పొద్దున్నే బయల్దేరారంటమ్మా" అన్నారు. అంతే. బయల్దేరిన మనుషులు ఏమైనట్టు?

ముందు మా బ్యాటింగ్. ప్యాడ్లు కట్టుకుని కూర్చోమంటే నా వల్ల కాలేదు. చెట్టు దాకా వెళ్ళడం, రావడం... రోడ్డు మీద హారన్ వినిపిస్తే గేటు వైపు చూడడం. విజయక్కకి విసుగొచ్చి "కూర్చోవే, నిన్ను చూస్తుంటే నాకూ కాలు నిలవట్లేదు" అని కసిరింది. చివరికి పదిమందిమే ఆడి, ఓ మాదిరి స్కోరు చేశాం. ఫీల్డింగ్‌కీ పదిమందిమే దిగాం. వాళ్ళ ఓపెనర్లు నింపాదిగా కొట్టుకుంటూ పోతున్నారు...

అప్పుడొచ్చింది, గేటులోంచి ఒక పాల వ్యాను. క్యాన్ల మధ్య నుంచి తెల్ల డ్రెస్సులో నాగమణి దూకింది. వెనకాలే పంచె ఎగ్గట్టుకుని వెంకటరత్నం గారు. మొవ్వ దగ్గర బస్సు ఆగిపోయిందట. ఎంతసేపటికీ ఇంకో బస్సు రాకపోతే, ఈయనే రోడ్డుకడ్డంగా నిలబడి వ్యాను ఆపారట. నచ్చినా నచ్చకపోయినా మాటిచ్చారు కదా!

నాగమణి పరిగెత్తుకుంటూ వచ్చి "అక్కా, బంతివ్వు" అంటూ చెయ్యి చాపింది.

అంపైర్ అడ్డొచ్చారు. "కుదరదమ్మా. ఎంతసేపు ఫీల్డ్‌లో లేవో అంతసేపు ఫీల్డ్‌లో నిలబడ్డాకే బౌలింగ్. రూలు."

ఇక చూడండి దాని అవస్థ... మిడాఫ్‌లో నిలబెడితే నిలబడదే! ఉత్తినే చెయ్యి తిప్పుతుంది, ప్యాంటుకి అరచేతులు తుడుచుకుంటుంది, ఓవరు మారినప్పుడల్లా "అయిందా సార్?" అంటుంది. అవతల వాళ్ళు కొట్టాల్సిన పరుగులు కరిగిపోతున్నాయి. సెలెక్టర్ గారు కుర్చీలో కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నారు. ఆయన లేచి వెళ్ళిపోతారేమోనని ఓవరు ఓవరుకీ అటే చూస్తున్నాను.

ఉన్నట్టుండి బౌండరీ దగ్గర గొడవ. వెంకటరత్నం గారు!

"ఏవండీ, పిల్ల పాల క్యాన్ల మధ్య కూర్చుని వచ్చిందండీ ఇంత దూరం! దానికి బంతివ్వరేంటండీ?"

మాష్టారు "రూలండీ, కాస్త ఆగండి" అని నచ్చజెప్పబోతే, "ఎవరు పెట్టారండీ రూలు? బస్సు ఆగిపోతే పిల్ల తప్పా?" అని ఇంకా గట్టిగా అరిచారు. నాన్న తన తరఫున పోట్లాడడం నాగమణి అంతకుముందెప్పుడూ చూళ్ళేదట. తల దించుకుని నవ్వుకుంది.

ఆట ముగింపుకొచ్చాక అంపైర్ తలూపారు. విజయక్క బంతి విసిరింది.

మొదటి బంతి ఎటో పోయింది. వైడ్! అంతసేపు పట్టి ఉంచిన ఆత్రమంతా అందులోనే పోయిందనుకుంటా... రెండోది మిడిల్ స్టంప్‌ని పీకేసింది. ఆ ఓవర్లోనే ఇంకో బంతి, తర్వాత వచ్చిన అమ్మాయి బ్యాటు అంచుకి తగిలి నా చేతుల్లో పడింది. నాగమణి కేకకి చెట్టు మీద కాకులు లేచాయి. సెలెక్టర్ గారు టీ గ్లాసు కింద పెట్టేశారు.

కానీ గెలవలేదండీ. తర్వాతి ఓవర్లో అటువైపు నుంచి మా ఇంకో అమ్మాయి వేసిన బంతి ఫోర్ వెళ్ళిపోయింది. అయిపోయింది.

నాగమణి పిచ్ మీద పరిచిన మ్యాటు మీదే కూలబడి ఏడ్చింది. ఇక తనకి ఆట లేదనే అనుకున్నాం అందరం. వెంకటరత్నం గారు వచ్చి కూతుర్ని లేపారు. కండువాతో మొహం తుడిచారు. తర్వాత మాష్టారి వైపు తిరిగి, ఇంకా కోపం తగ్గని గొంతుతోనే అడిగారు...

"మళ్ళీ ఆట ఎప్పుడండీ?"

ఆ మాటకి నాగమణి వెక్కిళ్ళు టక్కున ఆగిపోయాయి.

తర్వాత తను స్టేట్ క్యాంపు దాకా వెళ్ళింది. జట్టులో మాత్రం చోటు దొరకలేదు. నాలుగేళ్ళు జిల్లాకి ఆడి, ఆపేసింది. ఇప్పుడు చల్లపల్లిలో ఒక స్కూల్లో పిల్లలకి ఆటలు నేర్పుతోంది. నేను ఇంటరయ్యాక గ్లవ్స్ వదిలేశాను...

ఇప్పుడు అమ్మాయిల మ్యాచ్‌లు టీవీలో లైవ్ వస్తున్నాయి. ఒక్కో బంతినీ నాలుగు వైపుల నుంచి చూపిస్తున్నారు, వేసిన పిల్ల పేరు కింద పెద్ద అక్షరాల్లో పడుతోంది. సంతోషమే. కానీ చూస్తూ సోఫాలో కుదురుగా కూర్చోలేను, లేచి తిరుగుతూనే ఉంటాను... అప్పట్లో గుడివాడలో ఆడిన మర్నాడు పేపర్లో మా మ్యాచ్ గురించి రెండు లైన్లు వేశారు. అందులో మా ఎవరి పేరూ లేదు.

మీ ఊళ్ళోనూ అలా ఆడిన అమ్మాయిలు ఉండే ఉంటారు. అక్కో, పిన్నో, క్లాస్‌మేటో... వాళ్ళ పేర్లు కింద రాయండి. ఇక్కడైనా పడనివ్వండి.