పూల ప్లేటు మర్యాద

మా అక్క అత్తగారింటికి మొదటిసారి భోజనానికి వెళ్ళినప్పుడు నాకు జరిగిన మర్యాద చూసి నేనే భయపడ్డాను. గవర్నర్‌పేటలో పాత మేడ మీద వాటా. హాలు మధ్యలో ఆరు కుర్చీల బల్ల. దాని మీద అక్క అత్తగారు స్వయంగా అల్లిన తెల్లటి లేసు గుడ్డ, లేసు మాసిపోకుండా దాని మీద దళసరి ప్లాస్టిక్ షీటు, షీటు మీద గీతలు పడకుండా మనిషికో మ్యాటు. అన్నానికీ బల్లకీ మధ్య ఇంత సెక్యూరిటీ నేను విమానాశ్రయంలో కూడా చూడలేదు. చక్కగా మడతపెట్టిన చేతిగుడ్డ కూడా ఇచ్చారు. అది మూతి తుడుచుకోవడానికో, ఒళ్ళో పరుచుకోవడానికో తెలియక, పాడు చేయడం దేనికని పక్కన పెట్టేశాను.

మాది భవానీపురం. మేం చేపల వాళ్ళం. పెళ్ళైన కొత్తలో అమ్మ నెత్తిన గంప పెట్టుకుని వీధులు తిరిగింది. ఇప్పుడు నాన్న కొల్లేటి సరుకు ఐసు పెట్టెల్లో తెప్పించి టోకున అమ్ముతాడు. మా ఇంట్లో టేబుల్ క్లాత్ అంటే నిన్నటి పేపరు. టీవీ ముందు నేల మీద పరుచుకుని కూర్చుని, ముళ్ళు నాయకుల ఫొటోల మీద పెడతాం. తినడం అయ్యాక మొత్తం చుట్టి బయట పడేస్తే ఉతికే బాధ కూడా లేదు. కంచం ఎవరికి ఏది దొరికితే అది.

అక్కా బావా ఒకే కాలేజీలో పాఠాలు చెబుతూ ఇష్టపడ్డారు. బావ తల్లిదండ్రులిద్దరూ టీచర్లుగా చేసి రిటైరైనవాళ్ళు. గుడ్డు పేరు కూడా ఎత్తని ఇల్లు. పెద్ద గొడవ అవుతుందని మేం సిద్ధపడి కూర్చుంటే ఏమీ జరగలేదు. "మేం విశాలంగా ఆలోచించే మనుషులం" అని వాళ్ళే చెప్పి, తాంబూలాలు పుచ్చుకున్నారు. నాన్నకి కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. నాన్నకి ఐసు పెట్టె మూత తీసినా వస్తాయి కాబట్టి నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆ విశాలత్వం కొలతలు నాకు ఆ బల్ల దగ్గర తెలిశాయి. మామగారికి వెండి కంచం. మిగతా ఇంటివాళ్ళందరికీ స్టీలు కంచాలు, ఒక్కోదాని అంచున మిషనుతో చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు. నాకు మాత్రం నీలం పూల గాజు ప్లేటు. ఆ ఇంట్లో అన్నిటికంటే అందమైన ప్లేటు అదే. గర్వంగా పక్కకి చూస్తే అక్క ముందు కూడా నీలం పూలే.

"నువ్వింకా చుట్టానివేనా అక్కా?" అన్నాను.

అందరూ నవ్వారు. అత్తయ్యగారు అందరికంటే చల్లగా నవ్వి, "కొత్త కోడలు కదా బాబూ, ఆ మాత్రం మర్యాద చెయ్యొద్దూ?" అన్నారు. అప్పటికి పెళ్ళై రెండు వేసవులు వెళ్ళాయి. ఆ ఇంట్లో కొత్తదనం చాలాకాలం నిలవుంటుంది కాబోలు అనుకున్నాను.

తిన్నాక నా ప్లేటు నేనే కడుగుతానని వంటింట్లోకి వెళ్ళాను. సింకు దగ్గర రెండు పీచులు ఉన్నాయి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. తుడిచే గుడ్డలు కూడా రెండు, వేర్వేరు మేకులకి. నేను ఆకుపచ్చ పీచు మీద చెయ్యి వేయబోతే అక్క నా మణికట్టు పట్టుకుంది.

"అది స్టీలుకి. నీలంది మనకి."

ప్లేటుకి మ్యాచింగ్‌గా ఉంది కదా అన్నాను. అక్క నవ్వలేదు. తనకి చిన్నప్పటినుంచీ నా జోకులు నచ్చవు గానీ, మర్యాదకైనా నవ్వేది.

తర్వాత బస్‌స్టాపు దాకా వచ్చినప్పుడు చెప్పింది. గాజుకి ఏదీ అంటదట, కడిగేస్తే పోతుందట, అందుకని చేపలు తినేవాళ్ళకి గాజు. ఆ మాట ఎవరూ పైకి అనరు. పైకి అనేదల్లా మర్యాద. అక్క పెళ్ళి తర్వాత చేప ముట్టడం మానేసింది. మా ఇంటికి వచ్చినా పెరుగన్నం తిని వెళ్ళేది. అయినా ప్లేటు మారలేదు. ఒకసారి తనే నోరు తెరిచి, తనకీ ఒక కంచం తెచ్చి పేరు కొట్టిద్దామా అని అడిగిందట. "స్టీలు కంచం నీకెందుకమ్మా, నిన్ను మహారాణిలా చూసుకుంటుంటే" అన్నారట.

"ఎందులో తింటే ఏంటే, కడుపులోకి వెళ్ళేది అదే అన్నం కదా" అన్నాను.

"ఎప్పుడో ఏడాదికోసారి కనిపించే వాళ్ళ మేనల్లుడికి కూడా ఆ అలమరలో కంచం ఉందిరా" అంది అక్క. "నాకు లేదు."

బావ ఏమంటాడని అడిగాను. బావ ఏమీ అనడట. ఏమీ అనకపోవడంలో ఆయనకి మంచి అనుభవం ఉంది.

అక్కకి కొడుకు పుట్టాడు. ఆ ఇంటి వారసుణ్ణి ఎత్తుకున్న చేతికి కంచం ఇవ్వకుండా ఎన్నాళ్ళుంటారులే అని అక్క ధైర్యం. అన్నప్రాశన నాడు పిల్లాడికి పేరు కొట్టించిన కంచం ఎలాగూ తెస్తారు, దానితోపాటు తనకీ తెస్తారని నాతో రెండుమూడుసార్లు అంది. అంతగా చదువుకున్న మనిషి ఒక స్టీలు పళ్ళెం కోసం అలా ఎదురుచూడటం నవ్వు తెప్పించాల్సిన విషయమే. నాకెందుకో రాలేదు.

అన్నప్రాశనకి అమ్మ, నాన్న, నేను వెళ్ళాం. మేనమామ హోదాలో వెండి గిన్నె, చెంచా తీసుకెళ్ళాను. మేం తెచ్చిన అరటిపళ్ళూ స్వీట్లూ హాల్లోనే ఒక మూల ఆగిపోయాయి. వెండి గిన్నె మాత్రం నేరుగా దేవుడి గదిలోకి వెళ్ళింది. వెండికి కులం లేదు.

పిల్లాడికి పరమాన్నం నాకించాం. వాడు ఉమ్మేశాడు. ఆ తర్వాత అత్తయ్యగారు కొత్త కంచం తెచ్చి అందరికీ చూపించారు. ఒక్కటే. దాని అంచున వాడి పేరు. అక్క ఆ కంచం వైపు కాకుండా, ఇంకా ఏమైనా ఉందేమోనని ఆవిడ రెండో చేతి వైపు చూసింది. రెండో చేతిలో టవలుంది.

ఆ రోజు చుట్టాలు ఎక్కువ కాబట్టి భోజనాలు నేల మీద, అరిటాకుల్లో. నాకు అరిటాకంటే గౌరవం. దానికి పేరు కొట్టించలేరు, రెండో పూటకి దాచలేరు. బావ పిన్నిగారి పక్కన అమ్మ, అమ్మ పక్కన నేను. అమ్మ ఆ ఇంట్లో తింటున్నంతసేపూ మెతుకు కింద పడకుండా పరీక్ష రాస్తున్నట్టు తింది.

లేచేటప్పుడు అమ్మ వంగి తన ఆకు తీసింది. మా వాళ్ళలో కూతురి అత్తగారింట్లో తిన్న తల్లి తన ఆకు తనే తీస్తుంది, కూతురి చేత ఎంగిలి ఎత్తించకూడదని. ఆ ఇంట్లో అతిథి ఆకు తీయడమంటే తనని తాను దించుకోవడం. ఆ సంగతి అమ్మకి తెలియదు. బావ పిన్నిగారు కంగారుపడి, ఉంచండి వదినగారూ, పనమ్మాయి తీస్తుంది అంటూ చెయ్యి అడ్డం పెట్టారు.

"తియ్యనివ్వవే" అన్నారు అత్తయ్యగారు, నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడి. "అలవాటున్న చెయ్యి కదా."

ఆవిడ గొంతు పెంచలేదు. వరుసలో కూర్చున్నవాళ్ళంతా హఠాత్తుగా మజ్జిగ బాగుందని గ్రహించారు. అమ్మకి మాట అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక కూడా నవ్వు మొహంతోనే నిలబడింది, ఆకుతో. నాన్న తన ఆకు మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు. తీయాలో, వదిలేయాలో ఆయనకి తేలలేదు.

అక్క పిల్లాణ్ణి బావ చేతికిచ్చి వచ్చింది. అమ్మ చేతిలోంచి ఆకు తీసుకుంది. మళ్ళీ అదే చోట పరిచి దాని ముందు కూర్చుంది. కరివేపాకూ మునక్కాయ పిప్పీ ఓ పక్కకి జరిపింది.

"ఆకలేస్తోంది. వడ్డించండి అత్తయ్యగారూ."

ఆవిడ వడ్డించలేదు. చెయ్యి కడుక్కొచ్చిన పిన్నిగారికి గరిటె ఇచ్చారు. పిన్నిగారు పప్పు కొంచెం పైనుంచి వేశారు. నిజం చెప్పాలంటే చాలా పైనుంచి. సగం పప్పు నా చొక్కా మీద పడింది. నాకు రెండోసారి వడ్డించినట్టు అయింది.

అక్క అడిగి అడిగి తింది, పెరుగు దాకా. బావ పిల్లాణ్ణి భుజాన వేసుకుని క్యాలెండరు చదువుతూ నిలబడ్డాడు. అందులో ఆ నెల చాలా ఆసక్తిగా ఉన్నట్టుంది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఒక మార్పు వచ్చింది. కింద కూర్చుని తింటే మోకాళ్ళకి మంచిదని మామగారికి ఎవరో డాక్టరు చెప్పారట. ఆ వయసు మోకాళ్ళకి ఆ సలహా ఇచ్చిన డాక్టరుకి దండం పెట్టాలి. వెండి కంచం, స్టీలు కంచాలు అన్నీ దేవుడి గది పక్కకి మారిపోయాయి. పిల్లాడికి అక్కడే, నానమ్మ ఒళ్ళో, కొత్త కంచంలో. బావ అమ్మానాన్నలతో కూరా పప్పూ తిని, పెరుగన్నానికి అక్క దగ్గరికి వచ్చేవాడు. రెండు పంక్తుల్లో కూర్చుని ఒళ్ళు చేశాడు. లేసు గుడ్డతో సహా ఆరు కుర్చీల బల్ల మొత్తం అక్కదైంది.

ఒక ఆదివారం అక్క ఫోన్ చేసి, అమ్మచేత కొర్రమేను పులుసు పెట్టించి పట్రమ్మంది. అమ్మ వద్దని గొడవపడింది. వాళ్ళు బాధపడతారంది. ఆ మాటంటూనే చింతపండు నానబెట్టింది.

నేను క్యారియరు పట్టుకెళ్ళేసరికి అక్క బల్ల మీద మ్యాట్లు తీసేసి ఉంచింది. ప్లాస్టిక్ షీటు కూడా తీసేసింది. లేసు మీదే గిన్నె పెట్టి మూత తీసింది. వాసన హాలంతా తిరిగి దేవుడి గది వైపు వెళ్ళింది. అక్కడ మాటలు ఆగిపోయాయి. తర్వాత తలుపు మెల్లగా మూసుకుంది. తలుపు వెనక పిల్లాడు ఏదో మోగిస్తున్నాడు, కంచమే అనుకుంటా.

అక్క రెండు పూల ప్లేట్లు పెట్టింది, నాకొకటి, తనకొకటి. కాసేపాగి మూడోది కూడా పెట్టింది.

ఆ తలుపు తీసుకుని బావ వచ్చాడు. బల్ల దాకా వచ్చి, ఒక కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఆగాడు. అక్క గరిటె ఎత్తి పట్టుకుని ఆయన్నే చూస్తోంది. పులుసు బొట్లు బొట్లుగా లేసు మీద పడుతోంది, తను చూసుకోలేదు.

బావ కుర్చీని కొంచెం పక్కకి జరిపి, దాని వెనకున్న కిటికీ తెరిచాడు.

అక్క గరిటె నా ప్లేటులోకి ఒంపింది.