మంగరాజు అన్నయ్యగారి ఎడం చెవి

మా కొత్తపేటలో మంగరాజు అన్నయ్యగారిని ఎవరైనా తిట్టాలనుకుంటే ఎడం చెవి దగ్గరికి వెళ్ళి తిట్టాలి. కుడి చెవిలో తిడితే ఆయన ఒప్పుకోరు. మెడ తిప్పేసి, ఎడం చెవి అప్పగించి, "ఆయ్, ఇప్పుడు కానివ్వండి" అంటారు.

ఎందుకో ఆయనే చెబుతారు, మనం అడగకపోయినా.

"మగాడికి మాటలన్నీ బుర్రలో ఎడం పక్కే ఉంటాయండి. కుడి పక్క ఖాళీ గొడౌనండి. ఆడవారికి రెండు పక్కలా ఫుల్లు స్టాకేనండి. ఎడం చెవిలో పడ్డ మాట కుడి బుర్రలోకి ఎల్తదండి. మీ తిట్టు అక్కడికెళ్ళి తలుపు కొడతదండి. లోపల ఎవరూ ఉండరు. పాపం, తిరిగొచ్చేత్తదండి."

ఈ శాస్త్రం ఆయనకు కువైట్‌లో దొరికింది. అక్కడ ఒక డాక్టరమ్మ దగ్గర కారు నడిపేవారు. ఆవిడ వెనక సీట్లో కూర్చుని ఫోన్లో ఎవరికో చెబుతుంటే విన్నారట.

"ఆవిడ తెలుగావిడా అండీ?" అని ఎవరో అడిగారు.

"కాదండి. ఆవిడ అరబ్బీలో చెప్పేరు. నేను తెలుగులో విన్నాను."

తిరిగొచ్చి ఆటో కొనుక్కున్నాక రావులపాలెం రోడ్డు మీద ఈ శాస్త్రం వినకుండా దిగిన మనిషి లేడు. ఆటోలో ఇద్దరు ఆడవాళ్ళు కబుర్లు మొదలెడితే, పక్కనున్న మగవాళ్ళకు జాగ్రత్తలు చెబుతారు. "నాలుగు గొడౌన్లూ ఒకేసారి తెరిచేరండి. రాడ్డు గట్టిగా పట్టుకోండి."

ఆయన భార్య సత్తెమ్మ వదినకు ఈ శాస్త్రం మీద నమ్మకం లేదు గానీ, కుడి చెవి మీద పట్టుదల ఉంది. ఒకసారి చింతపండు తెమ్మంటే ఆయన సీతాఫలం తెచ్చారు. వదిన తిట్టడానికి కుడి వైపుకి వెళ్ళింది. ఆయన తిరిగారు. వదిన చుట్టూ వెళ్ళింది. ఆయన మళ్ళీ తిరిగారు. అలా వాకిట్లో ఇద్దరూ గిరగిరా తిరుగుతుంటే కోళ్ళు భయపడి గోడెక్కాయి.

"ఒక్కచోట ఆగండి మహానుభావా!"

"ఆగితే వినపడిపోద్దే!"

పోయినేడు మావారు పోయారు. ఆయనకీ అన్నయ్యగారికీ ఒకే కంచంలో తిన్నంత స్నేహం. మావారు పోయాక నాకు మాట రావడం మానేసింది. జబ్బేమీ కాదు. చెప్పడానికేమీ కనిపించేది కాదు. ఎవరు పలకరించినా తల ఊపేదాన్ని. మా అమ్మాయి శాంతి వాళ్ళ ఊరినుంచి ఫోను చేసి, "అమ్మా, ఒక్క మాట మాట్లాడవే" అని బతిమాలేది. "ఊఁ" అనేదాన్ని. అది ఏడ్చి ఫోను పెట్టేసేది.

ఊరంతా వచ్చి ఓదార్చారు. అన్నయ్యగారు ఓదార్చలేదు. వచ్చి టిఫినడిగారు.

"చెల్లెమ్మా, పిట్టరెక్కలు చేసి పెట్టవా?"

నేను తెల్లబోయి చూశాను.

"అదేనమ్మా, పనసాకులు బుట్టల్లా కుట్టి, ఇడ్లీపిండి పోసి ఆవిరికి పెడతావు చూడు. పిట్టరెక్కలు!"

పొట్టిక్కలు! మా కోనసీమలో పాలపళ్ళు ఊడని పిల్లకి కూడా తెలిసిన పేరు. నేను తల ఊపి ఊరుకున్నాను. మర్నాడు వచ్చి "పొట్టిరిక్షాలు" అన్నారు. ఆ మర్నాడు "పట్టుకొక్కేలు".

"ఏం చెయ్యనమ్మా, మగబుర్ర. ఆ పేరు కాస్తా ఖాళీ గొడౌన్లో పడిపోయింది. ఎంత ఎతికినా చీకటే."

పక్కింట్లో బుజ్జమ్మగారని, ఊరికి కొత్తగా వచ్చినావిడ. గోడ మీంచి ఇదంతా వింటోంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమండీ, ఆవిడ నిజంగా పిట్టల్ని వండుతారా?"

"ఆయ్. రెక్కలు మాత్రమేనండి. ఎంత మెత్తగా ఉంటాయనుకున్నారు!"

"అమ్మో! మా పెరట్లో పిచ్చుకలు రావడం మానేసేయి. ఈవిడ పనేనా?"

"ఆవిడ చెయ్యి పడితే ఒక్కటీ మిగలదండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పొట్టిక్కలూ! పొట్టిక్కలు అన్నయ్యగారూ! పనసాకులు, ఈనెపుల్లలు, మినప్పిండి! నా జన్మలో పిట్టని ముట్టుకున్నానా నేను?"

నా గొంతుకి నేనే ఉలిక్కిపడ్డాను. గోడవతల బుజ్జమ్మగారి చేతిలో బిందె జారిపోయింది. అన్నయ్యగారు చెవి రుద్దుకున్నారు.

"అబ్బ! కుడి చెవిలో పడిందమ్మా. పర్లేదులే, రేపటికి మర్చిపోతాను."

అన్నట్టే మర్చిపోయారు. మర్నాడు "పుట్టుమచ్చలు" అన్నారు. సరిదిద్దాను. తర్వాత ఆయనకి అల్లప్పచ్చడి పేరు పోయింది, కొబ్బరి లవుజు పేరు పోయింది, చివరికి మా వీధి పేరే పోయింది. అన్నీ సరిదిద్దీ సరిదిద్దీ నాకు గొంతు బొంగురుపోయింది. ఒక సాయంత్రం శాంతి ఫోను చేస్తే, "మీ మావయ్యకి మతిపోయిందే" అంటూ మొదలుపెట్టి మొత్తం చెప్పాను. అది పడీ పడీ నవ్వింది. "అమ్మా, మళ్ళీ మొదట్నించీ చెప్పు" అంది.

మొన్న రావులపాలెం వెళ్దామని ఆటో స్టాండుకి వెళ్ళాను. అన్నయ్యగారు అటు తిరిగి, ఎవరో పైఊరి దంపతులతో మాట్లాడుతున్నారు. ఇక్కడ తినడానికి ఏం బాగుంటాయని వాళ్ళు అడుగుతున్నారు.

"పొట్టిక్కలు తినాలండి. పొట్టిక్కలంటే పనసాకులు ఈనెపుల్లల్తో బుట్టల్లా కుట్టి, అందులో పిండి పోసి ఆవిరికి పెడతారండి. పక్కన అల్లప్పచ్చడి. ఆఖర్న తీపికి కొబ్బరి లవుజు. మా చెల్లెమ్మ చేస్తదండి, ఆ చెయ్యి ఇంకెవరికీ రాదు."

ఒక్క పేరు కూడా గొడౌన్లో పడలేదు.

వెనక్కి తిరిగి నన్ను చూశారు. ముఖం చింతపండు కోసం వెళ్ళి సీతాఫలం తెచ్చిన రోజులా అయిపోయింది. మెడ తిప్పి ఎడం చెవి అప్పగించి, "తిట్టు తల్లీ" అన్నారు.

వంగి ఆ చెవిలోనే చెప్పాను.

"రేపు పొద్దున్న పిట్టరెక్కలు చేస్తున్నాను. వదినని తీసుకుని రండి."

"ఆయ్" అన్నారు, ఆ ఖాళీ గొడౌన్లోంచే.