చిట్టిపిట్టలు రాని ఏడాది

మా బావ జడేగౌడ అడవిలో కళ్ళకంటే చెవులనే ఎక్కువ నమ్మేవాడు. బిళిగిరి కొండల్లో పులుల అభయారణ్యం చూడ్డానికి వచ్చే జనాన్ని నేను జీపులో తిప్పేవాణ్ణి. ఆయన నా పక్కన కూర్చుని దారి చెప్పేవాడు. పదహారేళ్ళు అలా కలిసి తిరిగాం. ఇద్దరం ఆ కొండల్లో పుట్టిన సోలిగ గిరిజనులమే. మా అక్క కేతమ్మను ఆయనకే ఇచ్చాం.

పొద్దున ఆరింటికి గేటు తీసేవారు. కాస్త దూరం పోయాక నన్ను పేరు పెట్టి పిలిచి, "బేదా, ఇంజను ఆపు" అనేవాడు. కొండముచ్చులు అరిస్తే అవి చిరుతను చూసి అరిచాయో, ఉత్తినే కొట్లాడుకుంటున్నాయో చెప్పేవాడు. కణితి జింక ఎటు తిరిగి కూసిందో చెప్పేవాడు. బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళకు మాత్రం పులి ఒక్కటే కావాలి.

"ఇంకెప్పుడయ్యా కనిపించేది?" అని గదమాయించేవారు.

"మీరు టికెట్టు కొన్నారని పులికి ఎవరూ చెప్పినట్టు లేదు సామీ" అనేవాడు బావ. కోపంగా ఉన్నవాళ్ళు కూడా నవ్వేసేవారు.

అలాంటి రోజుల్లో పిట్టలతో వాళ్ళ మనసు నింపి పంపేవాడు. కళ్ళు మూసుకుని, ఒక్కో కూతకూ పేరు చెబుతూ వేలు ముడిచేవాడు. రెండు చేతుల వేళ్ళూ రెండేసి సార్లు అయిపోయేవి. పులిని మరిచిపోయి దిగిపోయినవాళ్ళను నేను చాలామందిని చూశాను.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక ఒక పొద్దున, వాగు దాటే చోట బండి ఆపించాడు. చాలాసేపు తల వంచి విన్నాడు.

"తేనెపిట్టలు రాలేదేంట్రా ఈసారి?"

"వస్తాయిలే బావా" అన్నాను.

నిజం చెప్పాలంటే, పిట్టల సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆయనుండగా నాకెందుకని వినడమే మానుకున్నాను. నా చెవిలో ఏవో కిచకిచలు పడుతూనే ఉన్నాయి. అవి ఏ పిట్టలవో నాకేం తెలుసు?

నెల తిరిగేసరికి మరో నాలుగు రకాలు రాలేదన్నాడు. అన్నీ చిట్టిపిట్టలే. వడ్రంగిపిట్ట ఉంది, గువ్వ ఉంది, అడవికోడి ఉంది. బొటనవేలంత పిట్టలు మాత్రం ఒక్కొక్కటే మాయమైపోతున్నాయన్నాడు. రేంజరు దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నాడు.

"మా తాతల నాడు చలికాలంలో ఎండుటాకు కాల్చేవాళ్ళం దొరా. వద్దన్నారు, మానేశాం. ఇప్పుడు లాంటానా కంప మనిషెత్తు పెరిగింది. పిట్టకు తిండెక్కడిది? అడవి చెడిపోతోంది దొరా."

ప్రతి సోమవారం వెళ్ళి అదే చెప్పేవాడు. మా దేవుడి సంపెంగ చెట్టుకు మొక్కుకున్నాడు. పిట్టలు తిరిగొచ్చేదాకా తేనె నోట పెట్టనన్నాడు. తేనె తినని సోలిగ ఎక్కడైనా ఉంటాడా? ఇంట్లో సంగటి ముద్ద కూడా సగం వదిలేసేవాడు.

"ఊళ్ళో మొగుళ్ళు తాగి ఇల్లు మరుస్తారు. నాకు దొరికినోడు పిట్టల కోసం పస్తుంటాడు" అని అక్క సణిగేది. "వెనకనుంచి పిలిస్తే ఉలకడు, పలకడు. ఆ బెంగలో పడి పెళ్ళాం గొంతే మరిచిపోయాడు బేదా."

మేమంతా అది బెంగే అనుకున్నాం.

చివరికి రేంజరు చెప్పి పంపితే, పిట్టల మీద చదువుకున్న సుమేధ మేడమ్ వచ్చింది. బావ మాటను ఆమె తేలిగ్గా తీసుకోలేదు. ఆయన్ను వెంటబెట్టుకుని, ఆయన చూపించిన చోటల్లా చెట్లకు చిన్న చిన్న పెట్టెలు కట్టింది. చప్పుడు పట్టే పెట్టెలవి. తొమ్మిది రోజులుంచి విప్పుకుపోయింది.

రెండు వారాలకు మళ్ళీ వచ్చింది. అతిథి గృహం ముందు ఉసిరిచెట్టు కింద వంటవాడూ, గార్డులూ, మేమూ చుట్టూ చేరాం.

"మంచి కబురే గౌడగారూ. మీ పిట్టలన్నీ ఉన్నాయి, వినండి" అని ఆమె చేతిలోని పెట్టె మీట నొక్కింది.

సన్నగా, గాజుల చప్పుడులాంటి కూత. వంటవాడు నవ్వాడు. బావ మాత్రం ఆమె ముఖంలోకే చూస్తూ, ఇంకా మొదలు కాలేదన్నట్టు ఎదురుచూస్తున్నాడు.

అంతలో ఆ కూత విని, నా చోటికి ఎవడొచ్చాడన్నట్టు, ఒక తేనెపిట్ట పైనుంచి దిగి తలల మీది కొమ్మపై వాలింది. ముక్కు తెరిచింది. గొంతు దగ్గర ఈకలు అదురుతున్నాయి. బావ తలెత్తి దాన్ని చూశాడు. అలా చూస్తూనే నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"బేదా, పెట్టె మోగుతోందా?"

"మోగుతోంది బావా."

"అది కూడా కూస్తోందా?"

తల ఊపాను.

పిట్ట ఎగిరిపోయేదాకా చూశాడు. తర్వాత మేడమ్‌కు రెండు చేతులూ జోడించాడు.

"తప్పయిపోయిందమ్మా. అడవి మీద లేనిపోని నింద వేశాను."

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెట్టె ఆపడం కూడా మరిచిపోయింది.

బావను చామరాజనగర ఆసుపత్రిలో చూపించాం. చెవి నరం అరిగిందనీ, ముందు సన్నని చప్పుళ్ళే పోతాయనీ, మెల్లగా తక్కినవీ పోవచ్చనీ చెప్పారు. చెవికి పెట్టుకునే మిషను ఇచ్చారు. అది పెట్టుకుంటే పళ్ళెం చప్పుడు పిడుగులా ఉందన్నాడు. ఒకరోజు దాంతోనే వాగు దగ్గరికొచ్చి కాసేపు విన్నాడు.

"ఇది పిట్ట కాదురా, తుప్పు పట్టిన తలుపు" అని తీసి జేబులో వేసుకున్నాడు.

"వచ్చేవాళ్ళకేం తెలుస్తుంది, చూసినవే చెప్పు, పని మానకు" అన్నాడు రేంజరు. మానలేదు. కానీ మూడో వారంలో ఒక మలుపు దగ్గర వెదురు ఫెళఫెళా విరిగింది. ఆయన వెనక సీటువాళ్ళతో మాట్లాడుతూనే ఉన్నాడు. నేను బండి గభాలున వెనక్కి తీశాను. ఏనుగు దారి మీదికొచ్చి నిలబడింది. ఎవరికీ ఏం కాలేదు. జనం సంబరంగా ఫోటోలు తీసుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు బావ ఒక్కమాటే అడిగాడు. "నేను చెప్పకముందే తీశావు కదూ?"

మర్నాడు ఖాకీ చొక్కా ఉతికి, మడతపెట్టి ఆఫీసులో ఇచ్చేశాడు.

మరుసటి ఏడాది తేనెపిట్టల కాలంలో నేనే బలవంతపెట్టి ఆయన్ను జీపెక్కించాను. వెనక వరసలో మైసూరు కుటుంబం పక్కన కూర్చున్నాడు. ముందు సీట్లో మా గూడెం పిల్ల, రంగసామి కూతురు జడెమ్మ కూర్చుంది. కొత్తగా చేరింది. బావ దగ్గర నేర్చుకున్న మనిషే. ఆమె ఒక్కో పేరూ చెబుతుంటే బావ ఆమె పెదవుల వైపే చూస్తూ కూర్చున్నాడు.

గేటు దగ్గర అక్క నిలబడి ఉంది. "ఏమయ్యా, ఎలా ఉంది అడివి?" అని గట్టిగా అడిగింది.

"అన్నీ ఉన్నాయంట కేతీ" అన్నాడు.

ఆ తర్వాత ఆయన జీపెక్కలేదు. మొక్కల నర్సరీలో సంచులకు మట్టి నింపుతున్నాడు. కట్టెలకు అడవిలోకి పోవాల్సి వస్తే అక్క ఒంటరిగా పోనివ్వదు. ఆమె ముందు నడుస్తుంది. ఏదైనా అలికిడి వినబడితే వెనక్కి తిరగకుండానే అరచెయ్యి చాపుతుంది. ఆయన అక్కడే ఆగిపోతాడు.